పండుకు పలుచని కవచం

గత వైశాఖంలో ఒకనాటి ఉదయం ఒక గృహిణి తన అత్తగారిని వెంటబెట్టుకొని మా వైద్యశాలకు వచ్చారు. పెద్దావిడకు డెబ్బది ఏండ్లు దాటాయి. మలబద్ధకానికి నా వద్ద చికిత్స పొందుతున్నారు. ప్రతిదినం ఏదైనా ఒక తాజా పండు తినవలెనని నేను చెప్పి ఉన్నాను. కొంతకాలం సుఖంగా ఉన్న ఆమెకు బాధ మరల మొదలైనది. కారణమడిగితే కోడలు చేతిసంచిలో నుండి ఒక ఆపిల్ పండు తీసి, నా బల్ల మీద పెట్టి గోటితో గీశారు. తెల్లని పొడి రాలింది.

"చూశారా వైద్యులుగారూ! ఇది మైనమట. మామిడికాయలకేమో కార్బైడు వేస్తున్నారట. భయపడి ఇరవై రోజులుగా ఇంట్లోకి పండే రానివ్వడం లేదు. అత్తయ్యగారికి పండు పెట్టమంటారా, మానమంటారా?"

ఈ ప్రశ్న ఈనాడు అనేక గృహాలలో ఉన్నది. పండు మీద వేసే పూత వేరు, పండును బలవంతంగా మాగబెట్టే మందు వేరు. రెండింటినీ ఒకే గాట కట్టి, భయంతో పండునే మానివేస్తే నష్టపోయేది మన ఆరోగ్యమే. కనుక పూత అనగా నేమి, దానివలన పండుకు కలిగే మేలేమి, ఇంటిలో మనమే చేసుకోదగిన సహజమైన పూతలు ఏవి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చును అనే విషయాలను ఈ పాఠంలో వివరిస్తాను.

కోసిన పండుకూ ప్రాణమున్నది

చెట్టునుండి వేరుచేసినంత మాత్రాన పండు నిర్జీవం కాదు. అది శ్వాసిస్తూనే ఉంటుంది. ప్రాణవాయువును లోనికి తీసుకొని, తనలోని చక్కెరలను, ఆమ్లాలను ఖర్చు చేసుకొని, బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. తొక్కలోని సూక్ష్మరంధ్రాల గుండా నీటిని ఆవిరిగా కోల్పోతుంది. చెట్టుమీద ఉన్నంతకాలం వేళ్లు ఆ నీటిని భర్తీ చేస్తాయి. కోసిన తరువాత భర్తీ చేసేవారు లేరు. అందుచేతనే నిమ్మకాయ గట్టిపడి ముడుచుకొనిపోతుంది, జామపండు వాడుతుంది.

మామిడి, అరటి, బొప్పాయి, సపోటా, సీతాఫలం, టమాటా వంటివి కోసిన తరువాత కూడా మాగుతాయి. ఇవి ఇథిలీన్ అనే వాయువును తామే పుట్టించుకుంటాయి. ఆ వాయువే వాటిని మాగేటట్లు చేస్తుంది. మాగిన అరటిపండ్ల ప్రక్కన పెట్టిన కాయలు త్వరగా పండటానికి కారణమిదే. నిమ్మ, బత్తాయి, ద్రాక్ష, దానిమ్మ అటువంటివి కావు. కోసినప్పుడు ఎంత పక్వత ఉన్నదో అంతే. తరువాత అవి ఎండటమో, కుళ్లటమో తప్ప మాగటం లేదు.

పండును నిలువచేయటమంటే ఈ శ్వాసను నెమ్మదింపజేయటం, ఈ నీటిని పోకుండా ఆపటం, బూజును దరిచేరనీయకపోవటం. పూత చేసే పని ఇదే.

ప్రకృతి వేసిన పూత, పెద్దలు వేసిన పూత

నేను కోనసీమలో గురువుగారి ఇంట ఉండి చదువుకునే రోజులలో, కూష్మాండ లేహ్యం కొరకు బూడిద గుమ్మడికాయలను అటక మీద నిలువచేసేవారము. ఒకసారి శుభ్రం చేస్తున్నాననుకొని నేను ఒక కాయమీది తెల్లని బూడిదనంతా తడిగుడ్డతో తుడిచివేశాను. గురువుగారు చూసి, "అది దాని చొక్కారా అబ్బాయీ. చొక్కా విప్పి ఎండలో నిలబెడితే ఎన్నాళ్లుంటుంది?" అన్నారు. నేను తుడిచిన కాయే అన్నింటికంటె ముందు మెత్తబడింది. ఆ బూడిద నిజానికి కాయ తనకు తానుగా తయారుచేసుకున్న మైనపు పొర. ద్రాక్షపండ్ల మీద, నేరేడుపండ్ల మీద కనిపించే తెల్లని పలుచని పొడి కూడా అటువంటిదే. దానిని మందు అనుకొని, తెచ్చిన వెంటనే కడిగి నిలువచేసేవారున్నారు. తినేముందు కడగవలెను గాని, నిలువచేసే ముందు కడిగితే ద్రాక్ష త్వరగా చెడుతుంది.

ఆపిల్ పండుకు కూడా సహజమైన మైనం ఉన్నది. అంగడికి పంపేముందు దుమ్ము, మందులు పోవటానికి కడిగేటప్పుడు అది కొంత పోతుంది. దాని స్థానంలో మరల పలుచగా మైనం పూస్తారు. ఆ గృహిణి గోటికి వచ్చిన తెల్లని పొడి అదే కావచ్చును.

మన పెద్దలకు కూడా పూత కొత్త కాదు. కందిపప్పుకు ఆముదం పట్టించి నిలువచేయటం, కందులకు ఎర్రమన్ను కట్టటం, నిమ్మకాయలకు నూనె చేతితో పలుచగా రాసి ఉంచటం మన ఇండ్లలో ఎరిగినవే. చైనాలో 12, 13 శతాబ్దాల నాడే నారింజ, నిమ్మజాతి పండ్లను మైనంతో కప్పి దూరప్రాంతాలకు పంపేవారు. అయితే ఆ మైనం మరీ మందమై, పండు లోపల పులిసిపోయేదట. ఈ పాఠంలోని ముఖ్యసూత్రం ఇక్కడే ఉన్నది.

మందమే ప్రధానం

ఆయుర్వేదంలో లేపాన్ని చెప్పినప్పుడు ద్రవ్యంతో పాటు దాని మందాన్ని కూడా చెప్పారు. శార్ఙ్గధర సంహితలో దోషహరం, విషహరం, వర్ణ్యం అనే మూడు విధాల లేపాలకు వరుసగా వ్రేలి వెడల్పులో నాలుగవ వంతు, మూడవ వంతు, సగం మందం నిర్ణయించారు. ద్రవ్యం మంచిదైనా మందం తప్పితే ఫలం తప్పుతుంది.

పండు పూతకూ ఇదే న్యాయం. పూత ఊపిరిని నెమ్మదింపజేయవలెను గాని ఆపివేయరాదు. ప్రాణవాయువు బొత్తిగా అందకపోతే పండు లోపల పులియటం మొదలై సారాయి వాసన పుడుతుంది. పైకి నిగనిగలాడుతూ కోయగానే పుల్లని కంపు కొట్టే పండు అటువంటిదే. కనుక పూత కంటికి కనబడీ కనబడనంత పలుచగా ఉండవలెను.

అంగడి పూతలు

వ్యాపారంలో ఎక్కువగా వాడేవి మూడు. మొదటిది తేనెమైనం. దీనిని మనము మధూచ్ఛిష్టమని, సిక్థమని అంటాము. సిక్థతైలంలోనూ, పుండ్లకు రాసే మలాములలోనూ వాడుతాము. రెండవది లక్క. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగు స్రవించే పదార్థమిది. దీనిపై పరిశోధనకు 1924లోనే రాంచీ సమీపంలో ప్రత్యేక సంస్థను నెలకొల్పారు. మూడవది కర్నూబా. బ్రెజిల్ దేశపు ఒక జాతి తాటిచెట్టు ఆకులనుండి తీసే మైనం. శుద్ధ శాకాహారులు మొదటి రెండూ కీటకాలనుండి వచ్చినవని తెలిసికొని ఉండటం మంచిది.

మనదేశంలో 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలు తాజా పండ్లకు ఈ మూడింటిని, అవసరమైనంత మేరకు, ఏ మైనం పూసినదీ చీటీ మీద తెలిపి వాడటానికి అనుమతించాయి. ఖనిజ తైలాలు, రంగులు పూయరాదు. ఈ మైనాలలో చాలాభాగం జీర్ణం కాకుండానే వెలుపలికి పోతుంది.

కార్బైడు సంగతి పూర్తిగా వేరు. అది పూత కాదు. తేమ తగిలి వాయువును విడిచి కాయకు రంగు తెప్పిస్తుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మాలిన్యాలు ఉంటాయి. దానితో మాగబెట్టటం నిషిద్ధం. ఇథిలీన్ వాయువును నిర్ణీత పరిమితిలో వాడటానికి 2016లో అనుమతి లభించినది. కనుక మైనానికి కార్బైడుతో సమానంగా భయపడవలసిన పనిలేదు.

కలబంద పూత

ఇక ఇంటిలో చేసుకోదగిన వాటిని చూద్దాము. మొదటిది కలబంద. సంస్కృతంలో కుమారి. దీని ఆకులోని గుజ్జు ఆరిన తరువాత పలుచని పారదర్శకమైన పొరగా ఏర్పడుతుంది. నీటిని కాపాడుతుంది, బూజును కొంత నిరోధిస్తుంది. స్పెయిన్ దేశపు శాస్త్రజ్ఞులు 2005లో ద్రాక్షపై పరీక్షించి ప్రకటించిన ఫలితం చాలా ప్రసిద్ధి పొందినది. ఒక డిగ్రీ సెంటీగ్రేడు చల్లదనంలో ఉంచినప్పుడు పూతలేని ద్రాక్ష సుమారు 7 రోజులలో నాణ్యత కోల్పోగా, కలబంద పూసినది 35 రోజుల వరకు నిలిచినది. ఇది శీతలగిడ్డంగి లెక్క అని పాఠకులు మరువరాదు. మన ఇంటి గూటిలో, మే నెల ఎండలో అన్ని రోజులు ఆశించరాదు.

విధానం చెప్పేముందు నా పొరపాటును చెప్పవలసి ఉన్నది. కొన్నేండ్ల క్రితం మా వీధిలోని ఒక ఇల్లాలికి ఈ పూత సంగతి మాటలలో చెప్పాను. "కలబంద గుజ్జు తీసి పూయండమ్మా" అన్నానే గాని, పసుపుపచ్చని పాలను వార్చివేయవలెనని చెప్పలేదు. వైద్యునికి తెలిసినది అందరికీ తెలుసునని అనుకోవటం నా తప్పు. ఆమె ఆకును తొక్కతో సహా రుబ్బి జామపండ్లకు పూశారు. మిగిలినది పారవేయటమెందుకని మజ్జిగలో కలిపి ఇంటిల్లిపాదికీ ఇచ్చారు. ఆ రాత్రి ఇద్దరు పిల్లలకు కడుపునొప్పి, విరేచనాలు. మరునాడు నేను వెళ్లేసరికి తెలిసిన విషయం నన్ను నిలువెల్లా కదిలించినది. ఆ ఇంట కోడలు అయిదవ నెల గర్భిణి. చేదుగా ఉన్నదని ఆమె ఆ మజ్జిగ త్రాగక గ్లాసు ప్రక్కన పెట్టివేసినది. అది దైవకృప గాని నా జాగ్రత్త కాదు.

కలబంద తొక్కకు, గుజ్జుకు నడుమ ఉండే ఆ పసుపుపచ్చని చేదు పాలను ఎండబెట్టినదే ముసాంబరం. అది తీవ్రమైన విరేచనకారి. గర్భిణులకు ఇవ్వరానిది. పాలు తొలగించని మొత్తం ఆకు సారాన్ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2016లో క్యాన్సర్ కలిగించే అవకాశమున్న వాటి జాబితాలో చేర్చినది కూడా. నాటినుండి నేను ఈ క్రింది విధానాన్ని కాగితంపై వ్రాసి ఇస్తున్నానే గాని నోటితో చెప్పటం లేదు.

1. బాగా ముదిరిన, దళసరి ఆకును మొదలంటా కోసి కడగవలెను. కోసిన కొన క్రిందికి ఉండేటట్లు గ్లాసులో అరగంట నిలబెట్టవలెను. పసుపుపచ్చని పాలు కారిపోతాయి.

2. అంచుల ముండ్లను, రెండు ప్రక్కల తొక్కను ఉదారంగా తీసివేయవలెను. తొక్కకు ఆనుకొనిన పసుపు భాగం గుజ్జులో కలువరాదు. మిగిలిన స్వచ్ఛమైన గుజ్జును రెండు మూడుసార్లు నీటితో కడగవలెను. నాలుకకు చేదు తగిలితే ఇంకను కడగవలెను.

3. గుజ్జును మెత్తగా రుబ్బి, పలుచని గుడ్డలో వడకట్టి, సమానంగా కాచి చల్లార్చిన నీరు, అరచెంచా నిమ్మరసం కలపవలెను. సన్నని సెగపై వేడిచేసి, మరగకముందే దించి చల్లార్చవలెను.

4. పండ్లను ముందుగా కడిగి, తడి లేకుండా తుడిచి, ఈ ద్రవంలో రెండు మూడు నిమిషాలు ముంచి తీసి, జల్లెడ మీద పరచి, పంకా క్రింద పూర్తిగా ఆరనివ్వవలెను. ఆరని పూత బూజుకు పుట్టిల్లు.

5. చేసిననాడే వాడి మిగిలినది పారబోయవలెను. త్రాగరాదు.

తుమ్మబంక పూత

గురుకులంలో మాత్రలు కట్టటానికి తుమ్మబంక నానబెట్టటం చిన్న శిష్యుల పని. నా చేతులు ఎన్నో ఏండ్లు ఆ జిగురుతో అంటుకొని ఉండేవి. అదే జిగురు పండును కాపాడుతుందని చాలాకాలానికి గాని నాకు తెలియలేదు. మలేషియాలో శాస్త్రజ్ఞులు ఇదే కుటుంబానికి చెందిన అరబ్బీ జిగురును 5, 10, 15, 20 శాతాలుగా కలిపి టమాటాలపై పరీక్షించి 2010లో ఫలితాలను ప్రకటించారు. 20 డిగ్రీల వద్ద 20 రోజుల నిలువలో 10 శాతం పూత రంగు మారటాన్ని, బరువు తగ్గటాన్ని, మెత్తబడటాన్ని బాగా నెమ్మదింపజేసినది. జిగురు ఇంకా చిక్కగా ఉంటే ఇంకా మేలని కాదు. గురువుగారు లేపం విషయంలో చెప్పినదే ఇక్కడా నిజమైనది.

ఇంటిలో చేయవలసినవారు పచారీ కొట్టులో దొరికే, తేనెరంగు గల శుభ్రమైన తుమ్మబంకను తీసుకోవలెను. 50 గ్రాముల బంకను పొడిచేసి, అరలీటరు కాచి చల్లార్చిన నీటిలో రాత్రంతా నానబెట్టి, ఉదయం గోరువెచ్చగా చేసి కలిపి, రెండు పొరల గుడ్డలో వడకట్టవలెను. బెరడు ముక్కలు, ఇసుక గుడ్డలో మిగులుతాయి. పండ్లను ముంచటం, ఆరబెట్టటం కలబంద పూతకు చెప్పినట్లే.

నేను అప్పుడప్పుడే రంగు తిరుగుతున్న టమాటాలకు ఈ పూత వేసి చూశాను. పూతలేనివి పూర్తిగా ఎర్రబడి మెత్తబడే నాటికి పూసినవి ఇంకను బిగువుగా ఉన్నాయి. అయితే శ్రావణమాసంలో, ముసురులో చేసినప్పుడు పూత ఆరనే లేదు. జిగటకు దుమ్ము అంటుకొని, రెండింటికి బూజు పట్టినది. గాలిలో తేమ అధికంగా ఉన్న రోజులలో దీనిని చేయవద్దని నా సలహా.

ఏ పండుకు ఏది?

టమాటా, జామ: కోసిన కొత్తలో, దోరగా ఉన్నప్పుడు రెండు పూతలలో ఏదైనా పనికివస్తుంది.

మామిడి: ముదిరిన పచ్చికాయకు పూత వేస్తే మాగటం కొన్నాళ్లు వెనుకబడుతుంది. ఒక్కసారి బుట్టెడు కాయలు వచ్చినప్పుడు సగం వరిగడ్డిలో మాగవేసి, మిగిలిన సగానికి పూత వేసుకుంటే అన్నీ ఒకే రోజున పండి పాడుకావు. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టరాదు. 12 డిగ్రీలకు లోపు చలిలో మామిడి, అరటి దెబ్బతిని సరిగా మాగవు.

నిమ్మ: తడి తుడిచి, చేతికి రెండు చుక్కల కొబ్బరినూనె రాసుకొని, కాయలను ఆ చేతితో నిమిరితే చాలును. వాడేముందు కడగవలెను.

ద్రాక్ష: సహజమైన పొర చెరగకుండా, కడగకుండా ఫ్రిజ్‌లో ఉంచటమే ఉత్తమం.

సీతాఫలం, పనస వంటి గరుకు తొక్క గల పండ్లకు ఇంటిపూత సమంగా అంటదు. వాటికి వద్దు.

దోషాన్ని కప్పరాదు

సుశ్రుత సంహిత సూత్రస్థానం 46వ అధ్యాయంలో ఫలవర్గం చివర విడువవలసిన పండ్లను చెప్పారు. తెగులు సోకినది, పురుగు తొలిచినది, పక్వం మీరినది, అకాలంలో పుట్టినది, సరిగా పరిపక్వం కానిది తినరాదని దాని తాత్పర్యం. పూత వేసేవారు ఈ నియమాన్ని ముందు పెట్టుకోవలెను. మచ్చ ఉన్న పండుకు, దెబ్బతిన్న పండుకు పూత వేస్తే లోపలి కుళ్లు ఆగదు. అది కంటికి కనిపించకుండా పెరుగుతుంది. పూత పండుకు కొత్త ఆయువును పోయదు. ఉన్న ఆయువు వృథా కాకుండా చూస్తుంది, అంతే. అంగడిలోనైనా, ఇంటిలోనైనా మెరుపును చూసి పండును ఎంచరాదు. తొడిమ దగ్గర వాసన, చేతిలో బరువు, తొక్క బిగువు చూసి ఎంచవలెను.

ఇంట చేసి చూడవలసిన పరీక్ష

ఒకే తోట, ఒకే పరిమాణం, ఒకే పక్వత గల ఎనిమిది టమాటాలు తీసుకోండి. నాలుగింటికి పూత వేసి, నాలుగింటిని అట్లే ఉంచండి. నీడలో, గాలి తగిలే చోట రెండు పళ్లేలలో విడిగా పెట్టండి. వంటింటి త్రాసుతో రెండు రోజులకొకసారి పళ్లెం పళ్లెంగా తూచి వ్రాసుకోండి. రంగు, ముడత, వాసన గమనించండి. పదవ రోజున ఒక్కొక్కటి కోసి చూడండి. పూసిన పండులో పులిసిన వాసన వస్తే మీ పూత మందమైనదని గుర్తించి, మరుసటిసారి మరింత నీరు కలపండి. పాఠశాలకు వెళ్లే పిల్లలచేత దీనిని చేయించటం మరింత మేలు.

తినే ముందు

ఇంటిలో పూసినదైనా, అంగడిలో పూసినదైనా పండును గోరువెచ్చని నీటిలో కడిగి, ముతక గుడ్డతో రుద్ది తుడవవలెను. బట్టల సబ్బు, గిన్నెల పొడి వాడరాదు. అనుమానమున్నచోట తొక్క తీయవలెను. గర్భిణులు, పసిపిల్లలు ఉన్న ఇండ్లలో కలబందకు బదులు తుమ్మబంక పూతను ఎంచుకోవటం క్షేమం. ఎవరికైనా దురద, దద్దురు కనిపిస్తే ఆ పూతను మానివేయవలెను.

ఆనాడు ఆ గృహిణికి నేను ఈ మాటలే చెప్పి, ఆపిల్‌ను మా పెరటి కుళాయి వద్దనే కడిగించి, తొక్క తీయించి, ముక్కలు కోసి పెద్దావిడ చేతిలో పెట్టించాను. ఆపిల్ కంటె మన జామ, బొప్పాయి మలబద్ధకానికి ఎక్కువ మేలు చేస్తాయని కూడా చెప్పాను. పది రోజుల తరువాత మందుకు వచ్చినప్పుడు పెద్దావిడ నాడి చూస్తూ పండు సంగతి అడిగాను. "రోజూ పెడుతోంది నాయనా. కానీ టమాటాలు మాత్రం తూచి తూచి దాస్తోంది, పప్పులో వేయనివ్వడం లేదు" అన్నారు. పదవ రోజు ఇంకా రాలేదని కోడలు సమాధానం చెప్పారు.